మరక మిగలని గోడ

పోయిన సంక్రాంతికి రుద్రవరం వెళ్లినప్పుడు బ్యాగులో ఒక రంగుల ఈ-పేపర్ పలక తీసుకెళ్లాను. ఏడంగుళాల పైచిలుకు ఉంటుంది. దాని వెనక ఒక రాస్ప్‌బెర్రీ పై, ఒక వైరు. ఆఫీసు పనికి సంబంధం లేదు, సరదాకి కొన్నదే. అహోబిలంలో ఎప్పుడో దిగిన ఫొటో ఒకటి అందులోకి ఎక్కించి, వంటింటి గట్టు మీద పెట్టి, అమ్మ చూస్తుండగా వైరు పీకేశాను. బొమ్మ పోలేదు.

"కరెంటు లేకుండా యాడ్నుంచి వస్తాంది?" అంది అమ్మ.

"రావడం లేదమ్మా, ఉండిపోయింది. అచ్చేసినట్టు."

"మరి మార్చాలంటే?"

"వైరు పెట్టి ఇంకో బొమ్మ పంపిస్తే మారిపోతుంది."

"మారిస్తే ఇది యాడికి పోతుంది?"

పోతుంది, అంతే, అన్నాను. ఆ జవాబు అమ్మకి నచ్చలేదు. హైదరాబాద్ బస్సు ఎక్కాక నాకూ నచ్చలేదు.

ఈ సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఫోను, టీవీ తెరలు వెలుతురుని మన కళ్లలోకి కొడతాయి. ఈ-పేపర్ వెలగదు. కాగితంలాగే గదిలోని వెలుతురుని తిప్పి పంపిస్తుంది. ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో మొదలై 1997లో ఈ-ఇంక్ అనే కంపెనీగా మారిన ఆలోచన ఇది. తొలి రకంలో తల వెంట్రుక మందమున్న గుళికలు, వాటిలో ఒక ద్రవం, ఆ ద్రవంలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు. రెండింటికీ వ్యతిరేక విద్యుదావేశాలు. కిందనుంచి వోల్టేజీ పెడితే ఒకటి పైకి తేలుతుంది, ఇంకొకటి కిందికి దిగుతుంది. వోల్టేజీ తీసేసినా ఎక్కడివక్కడే ఉండిపోతాయి. బొమ్మ మార్చడానికే కరెంటు కావాలి, నిలబెట్టడానికి అక్కర్లేదు. రంగుల రకంలో రెండు రంగుల బదులు నాలుగు రకాల రేణువులుంటాయి. వాటిని ఒక్కొక్కదాన్నే పైకి రప్పించాలి కాబట్టి చాలా నెమ్మది. బొమ్మ మారడానికి పది ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ కాసేపూ తెర నల్లగా, తెల్లగా, ఎర్రగా కొట్టుకుంటుంది, పూనకం వచ్చినట్టు. సినిమాకి పనికిరాదు. గోడకి మాత్రం పనికొస్తుంది.

ఇన్నాళ్లూ ఇది ఎక్కువగా కిండిల్ లాంటి చిన్న సైజుల్లోనే కనపడేది. ఇప్పుడు గోడంత కాకపోయినా గోడకి తగిలించేంత అయింది. శాంసంగ్ 2025లో 32 అంగుళాల రంగుల ఈ-పేపర్ బోర్డు తెచ్చింది. మూడు కిలోలకు లోపే బరువు, లోపలే బ్యాటరీ. బొమ్మ కదలనంతసేపూ ఖర్చయ్యే కరెంటు సున్నా అని వాళ్ల ప్రకటన. బీఎమ్‌డబ్ల్యూ 2022 జనవరిలో కారు ఒళ్లంతా ఈ-ఇంక్ అతికించి నలుపు తెలుపు మార్చి చూపించింది, ఏడాది తర్వాత 32 రంగులు చూపించింది. కారు రంగు మార్చుకోవడం ఎవరికి అవసరమో నాకు తెలీదు. బ్యాంకు దోపిడీ సినిమాల వాళ్లకి కావచ్చు.

కానీ మా మండల కేంద్రంలో అయితే దీనికి పనే పని. బస్సుల టైములు. ఆసుపత్రిలో ఈరోజు డాక్టరు ఎవరు. తెలుగుగంగ నీళ్లు ఎప్పుడు వదులుతారు. ఎరువుల అంగట్లో యూరియా ఎన్ని బస్తాలుంది, ధర ఎంత. సచివాలయం గోడ మీద పింఛన్ల జాబితా, ఇళ్ల స్థలాల జాబితా. కరెంటు పోయినా ఉంటుంది, ఎండలో ఇంకా బాగా కనపడుతుంది, చిన్న సోలార్ పలకతో నడిచిపోతుంది. (ఎండ వేడి వేరే సంగతి. ఇలాంటి రంగుల పలకలకు మామూలుగా 50 డిగ్రీలు హద్దు. నంద్యాలలో నీడలోనే 45 దాటిన రోజులున్నాయి. పడమటి గోడకి తగిలిస్తే మేలో ఏమవుతుందో ఎవరైనా తగిలించి చూడాలి.) ఇంజినీరుగా నాకు ముచ్చటేసింది. అచ్చు ఖర్చు లేదు, అతికించే మనిషి అక్కర్లేదు, అమరావతిలో ఒక బటన్ నొక్కితే రుద్రవరంలో జాబితా మారిపోతుంది.

ఈ చివరి వాక్యం దగ్గరే నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

నేను ఇంటర్లో ఉన్నప్పటి మాట. అవ్వ వాళ్లది ఆళ్లగడ్డ అవతల చిన్న ఊరు. వృద్ధాప్య పింఛను జాబితా కాగితం గోడకి అతికించి ఉండేది. అవ్వకి చదువు రాదు గానీ తన పేరు పైనుంచి ఏడోదని తెలుసు. ఒక నెల పింఛను రాలేదు. పోయి చూస్తే ఏడో పేరు మీద ఎర్ర పెన్నుతో గీత. పక్కన రెండక్షరాలు. ఎవరినో చదవమంటే, చనిపోయినట్టు రాశారని చెప్పారు. అవ్వ ఆ కాగితం కిందే కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషినీ పిలిచి ఆ గీత చూపించింది. "లేకుంటే లేదనుకుందును. ఉన్నదాన్ని కొట్టేసినారు. కొట్టినోడెవుడు?" నాలుగు నెలలకి పింఛను మళ్లీ వచ్చింది. కొట్టినవాడెవడో తేలలేదు.

ఆ గీత లేకపోతే అవ్వ ఏం చూపించేది? అన్యాయం జరిగిందనడానికి ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ గీత కింద ఇంకా కనపడుతున్న తన పేరు. పేరు ఉన్నింది అని నోటితో అనడం వేరు, ఉన్నింది చూడు అని వేలుతో చూపించడం వేరు. ఈ-పేపర్ మీద ఏడో పేరు పోయి ఎనిమిదోది పైకి జరిగేది. జాబితా ఎప్పటిలాగే శుభ్రంగా, నిండుగా ఉండేది. అవ్వ పేరు ఎప్పుడూ లేనట్టే ఉండేది.

ఇంజినీర్లకి ఒక మాట ఉంది: ఘోస్టింగ్. ఈ-పేపర్ మీద బొమ్మ మార్చినప్పుడు రేణువులు కొన్ని పూర్తిగా కదలవు. పాత బొమ్మ లీలగా కనపడుతూ ఉంటుంది. పాత కిండిల్ వాడినవాళ్లకి తెలుసు, వెనక పేజీ అక్షరాలు ముందు పేజీలో దయ్యాల్లా తేలుతుంటాయి. దాన్ని వదిలించడానికే తెర నలుపూ తెలుపూ కొట్టుకుని కడుక్కుంటుంది. ఏ వోల్టేజీ ఎంతసేపు పెడితే పాతది పూర్తిగా పోతుందో తేల్చడానికి ఎందరో తెలివైనవాళ్లు ఏళ్ల తరబడి పని చేశారు. పేటెంట్లున్నాయి. ఇప్పటి రంగుల పలకల్లో ఘోస్టింగ్ దాదాపు లేదు. నా పలక మీద పది పేర్ల జాబితా పెట్టి, ఒక పేరు తీసేసి, ఫోన్ టార్చి పక్కనుంచి కొట్టి వెతికాను. ఏమీ కనపడలేదు. తెర పనితనానికి నూటికి నూరు మార్కులు.

మనం లోపమనుకుని పోగొట్టుకున్న ఈ గుణమే కదా అవ్వకి పింఛను తెచ్చిపెట్టింది? కాగితం మీద కొట్టివేత, సున్నం వేసిన గోడ మీద కింది అక్షరాల నీడ, నల్లబల్ల మీద చేత్తో తుడిచిన సుద్దమరక, ఇవన్నీ ఘోస్టింగే. ఎరువుల అంగడి బోర్డు మీద పొద్దున 40 అని ఉన్న అంకె తొమ్మిదిన్నరకి 'నిల్వ లేదు' అయితే, వరసలో నిలబడ్డ రైతు ఆ మరకలో 40ని చదువుకోగలడు. అరవగలడు. నలభై బస్తాలు అరగంటలో ఎవరికి పోయినాయని అడగగలడు.

ప్రభుత్వం తన లెక్క తను గోడ మీద రాసుకోవాలన్న ఆలోచనకి మన దగ్గర గట్టి చరిత్రే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను అడగకుండానే వెల్లడించాల్సినవి చెబుతుంది, వెల్లడించే సాధనాల్లో నోటీసు బోర్డుని పేరుపెట్టి చెబుతుంది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద 2006 నుంచి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో, ఎంత కూలి ముట్టిందో ఊళ్లో గోడల మీద రాశారు, గ్రామసభలో బయటికి చదివారు. ఆ గోడ రాతల బలం వాటి మొండితనంలో ఉంది. పెయింటు కదా. తప్పు రాస్తే తప్పు అందరికీ కనపడుతూ నెలల తరబడి ఉంటుంది. సమాచార హక్కు సెక్షను మాత్రం ఏటా తాజా చేయమంటుందే గానీ, తాజా చేసినప్పుడు పాతదాన్ని ఏం చేయాలో చెప్పదు. 2005లో చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచి ఉండదు. అప్పటి గోడ పాతదాన్ని తనంతట తనే కొంత దాచుకునేది.

2009 జులైలో అమెజాన్ తన పాఠకుల కిండిళ్లలోంచి ఒక పుస్తకాన్ని రాత్రికి రాత్రి తీసేసింది. అమ్మినవాడికి హక్కులు లేవని తేలిందట. డబ్బులు వాపసిచ్చారు, బెజోస్ తర్వాత క్షమాపణ చెప్పాడు. ఆ పుస్తకం పేరు '1984'. ఈ యాదృచ్ఛికం మీద ఇన్నేళ్లుగా జోకులు వేసుకుంటూనే ఉన్నాం. అప్పుడు కనీసం పుస్తకం పోయిందని కొన్నవాడికి తెలిసింది, ఎందుకంటే అది అతని చేతిలో ఉండేది. ఊరి గోడ మీది జాబితా ఎవరి చేతిలోనూ ఉండదు.

రాయి సంగతి చూద్దాం. మా పాత కర్నూలు జిల్లాలోనే, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శిలాశాసనం ఒక వింత. కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకి నడుస్తాయి. చెక్కినవాడి తికమకో, సరదాయో, దాదాపు 2250 ఏళ్లుగా అలాగే ఉంది. అంతకంటే ముఖ్యమైంది పదమూడో పెద్ద శాసనం. కళింగ యుద్ధంలో ఎంతమంది చచ్చారో, దానికి తానెంత బాధపడ్డాడో రాజు ఒప్పుకున్న శాసనం అది. ఎర్రగుడిలో ఉంది. యుద్ధం జరిగిన కళింగలో, ధౌలిలోనూ జౌగడలోనూ, లేదు. పన్నెండు వరకూ కూడా రాలేదు, 11, 12, 13 తీసేసి వాటి బదులు అక్కడివాళ్ల కోసం వేరే రెండు శాసనాలు పెట్టారు. చచ్చినవాళ్ల బంధువులకి ఆ పశ్చాత్తాపం చూపించలేదు, మన దగ్గర చూపించారు. ఎందుకనేది చరిత్రకారులు వాదించుకోనీ. ఒక రాజు ఒక్కో ఊరికి ఒక్కో మాట చెప్పాడని మనకి ఈరోజు ఎలా తెలుసు? రెండు గుట్టలూ ఇంకా ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం కాబట్టి. వెయ్యి ఊళ్లలో వెయ్యి ఈ-పేపర్ బోర్డులుంటే వాటి మీద వెయ్యి మాటలు చెప్పొచ్చు, సాయంత్రానికి అన్నీ ఒకటే చేయొచ్చు. అలా చేస్తారని అనడం లేదు. చేస్తే తెలిసే దారి లేదంటున్నాను.

రంగుల మాటా రావాలి, రంగుల తెర గురించే కదా. మన రాష్ట్రంలో గోడ రంగు కోర్టు దాకా పోయింది. పంచాయతీ భవనాలకీ సచివాలయాలకీ అధికార పార్టీ రంగులు వేస్తే, తీసేయమని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టులోనూ ఆ తీర్పే నిలబడింది. అప్పుడు రంగు వేయడానికీ తీయడానికీ కూడా కూలీలు, నిచ్చెనలు, డబ్బాలు, ప్రజల డబ్బు కావాల్సి వచ్చింది. ఆ ఖర్చే వార్తయింది, ఆ వార్తే కేసయింది. భూముల రీసర్వేలోనూ ఇంతే. పాసుపుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి ఫొటో, సర్వే రాళ్ల మీద ఆయన పేరున్న పథకం పేరు. 2024లో ప్రభుత్వం మారాక ఫొటో తీసి రాజముద్ర వేయాలన్నారు, రాళ్ల మీది పేర్లు చెరపాలన్నారు. గ్రానైటు మీద చెక్కిన పేరు చెరపడమెంత పనో మా ఆళ్లగడ్డ శిల్పుల్ని అడిగితే చెబుతారు. చెరిపినచోట రాయి రంగు తేడాగా ఉంటుంది. రేపు గోడలన్నీ బీఎమ్‌డబ్ల్యూ కారులా మారగలిగితే ఎన్నికల ఫలితాల సాయంత్రం ఆరింటికి ఊరంతా కొత్త రంగు తిరుగుతుంది. ఏ కోర్టుకి పోయినా, విచారణ రోజుకి గోడ తెల్లగా ఉంటుంది.

ఇక్కడిదాకా రాసి ఈ వ్యాసం ఒక మిత్రుడికి పంపాను. అతను ఒక్క ప్రశ్న అడిగాడు: "వేలం నోటీసు సంగతేంటి?"

నిజమే. ఆ మాట నేను దాటేశాను. అప్పు కట్టలేని రైతు ఇంటి తలుపుకి అతికించే కాగితాన్ని మా వైపు అందరూ చూసే ఉంటారు. తర్వాత ఎలాగో అప్పు తీర్చేస్తారు. కాగితం మాత్రం పూర్తిగా ఊడిరాదు. మైదాపిండి జిగురు తలుపుకి పట్టుకుని, సగం చిరిగి, అక్షరాలు వెలిసి, ఏళ్లు ఉంటుంది. పిల్ల సంబంధానికి వచ్చినవాళ్లు అది చూస్తారు. మిత్రుడి ఇంటి తలుపు మీద అలాంటిది ఉండేదని ఇన్నేళ్ల స్నేహంలో నాకు మొన్ననే తెలిసింది. వాళ్ల నాన్న బ్లేడుతో గీకి గీకి చివరికి తలుపు పలకే మార్చేశాడట. "నీకు మరక కావాలి. మాకు పోవాలి," అన్నాడతను.

దీనికి తేలికైన జవాబొకటి నా దగ్గర ఉండేది: అధికారం చేసిన పని గోడ మీద ఉండాలి, మామూలు మనిషి అవమానం ఉండకూడదు. రాసుకోవడానికి బాగుంది. కానీ వేలం నోటీసులో ఈ రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. బ్యాంకు చేసిన పనీ అదే, రైతు అవమానమూ అదే. మా అవ్వ జాబితా కూడా అంతే. పింఛను అవసరమైన పేదదన్న సంగతీ, ఆమెని బతికుండగా చంపారన్న సంగతీ ఒకే గీత దగ్గర ఉన్నాయి. అవ్వ ఆ రెండూ ఊరందరికీ చూపించడానికి సిద్ధపడింది. మిత్రుడి నాన్న సిద్ధపడలేదు. ఎవరి పేరు గోడ మీద ఉందో, మరక ఉంచాలా తీసేయాలా అనే మాట వాళ్లది కావాలేమో. చెరిపే హక్కు పేరున్నవాళ్లది, చెరపకుండా ఉంచే బాధ్యత రాసినవాళ్లది. నాకు ఇంతవరకే తోచింది. ఇది కూడా ప్రతిచోటా నిలబడదు. లంచం తీసుకుని సస్పెండైన అధికారి పేరూ ఒక పేరే కదా.

సాటి ప్రోగ్రామర్లు ఏమంటారో నాకు తెలుసు, నేనే అన్నాను కాబట్టి. సర్వర్‌లో లాగ్ ఉంటుంది కదా, ప్రతి మార్పూ టైముతో సహా నమోదవుతుంది, గోడ కంటే అదే గట్టి సాక్ష్యం. గిట్ వాడేవాళ్లం మనకి పాతది ఎక్కడికీ పోదు. నిజమే. కానీ ఆ లాగ్ చూడాలంటే లాగిన్ కావాలి, లేదా దరఖాస్తు పెట్టి 30 రోజులు ఆగాలి. అసలు ముందు మార్పు జరిగిందన్న అనుమానం రావాలి. అవ్వకి అనుమానం తెప్పించింది ఎర్ర గీత. లాగ్ ఎక్కడో అమరావతిలో ఉంటే, గీత ఆమె కళ్లముందు, కూర్చుంటే తల మీద ఉంది.

మా వృత్తిలో ఇంకో అలవాటుంది, లోపాన్ని చూస్తే సెట్టింగు పెట్టడం. నేనూ పెట్టాను. ఆ చిన్న పలకకి నేను రాసిన ప్రోగ్రాంలో పేరు తీసేస్తే మాయం కాదు, మీద ఎర్ర గీత పడుతుంది, పక్కన తేదీ పడుతుంది. ఎర్రరంగు ఎలాగూ ఉంది కదా. నెల రోజుల మార్పులు ఆడించి చూస్తే బతికున్న పేర్ల కంటే కొట్టేసిన పేర్లు ఎక్కువైపోయి జాబితా చదవరాకుండా అయింది. అప్పుడు మూడు నెలలు దాటిన గీతలు దాచే సెట్టింగు ఒకటి పెట్టాను. మూడు ఎవరు చెప్పారు? నేనే. హైదరాబాద్‌లో కుర్చీలో కూర్చుని. మా అవ్వకి నాలుగు నెలలు పట్టిందని ఆ అంకె టైపు చేశాక గుర్తొచ్చింది.

కాగితం గీతని దాచుకోవడం కాగితం స్వభావం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, దాన్ని ఆపాలంటే కాగితాన్నే చించాలి, చించితే చిరుగు కనపడుతుంది. నా పలక మీద గీత ఉండడం నా దయ. ఫైల్లో ఒక లైను, నిజం అని ఉన్నచోట అబద్ధం అని మారిస్తే పోతుంది. మంచివాడు రాసిన సెట్టింగూ సెట్టింగే. అందుకే బోర్డులు వస్తే రానీ గానీ, జాబితాల వరకు గోడ మీద అచ్చు కాగితం కూడా ఉండాలంటాను. బస్సు టైములకి, డాక్టరు పేరుకి, కాలవ నీళ్ల తేదీకి ఈ-పేపర్ హాయిగా పెట్టుకోవచ్చు. మనిషి పేరు ఉండడమో పోవడమో జరిగే చోట కాగితం, జిగురు, పెన్ను. ఖర్చు దండగ అంటారు. సాంకేతికతకి ఎదురు మాట్లాడుతున్నానని కూడా అంటారు, దాని మీద జీతం తింటూ.

మొన్న ఉగాదికి మళ్లీ ఊరికి పోయాను. పలక వంటింట్లోనే, పోపుల డబ్బాల పక్కన ఉంది. సంక్రాంతికి వచ్చేముందు చివరిగా అవ్వ ఫొటో పెట్టి వచ్చాను, అమ్మ అడిగిందని. అప్పట్నుంచీ కరెంటు లేకుండా అలాగే ఉంది, రంగు కూడా తగ్గలేదు. కొత్తగా తీసిన ఫొటోలున్నాయి, మార్చమంటావా అని అడిగాను.

"వద్దులే, ఉండనీ," అంది. కాసేపాగి, "దానంతట అది మారదు గదా?" అంది.

మారదన్నాను. వచ్చేటప్పుడు వైరూ, వెనకున్న రాస్ప్‌బెర్రీ పై ఊడదీసి బ్యాగులో వేసుకున్నాను.